ఆ లిస్టు చించేయండి, ముందు పదో నంబరు పానా, ఉతికిన గుడ్డ తెచ్చుకోండి

మీ దగ్గర పాత ఐదు హెచ్‌పి ఆయిలింజను, ట్రాక్టరు ఉన్నాయి, రిపేర్లు మీరే చేసుకుందామంటే షాపాయన పద్దెనిమిది వేల రూపాయల స్పెషల్ టూల్స్ లిస్టు రాసిచ్చాడు, అన్నీ కొనాలా అని అడిగారు. వద్దండీ. మాకు జరిగింది చెప్తాను.

మాది కోడుమూరు పక్క ఊరు. ఆ ఏడు సెప్టెంబరులో వాన ఎగ్గొట్టింది. ఉల్లి గడ్డ ఊరే టైము, హంద్రీ ఏటి గుంతలో నీళ్లున్నాయి, తోడాల్సింది మా ఆయిలింజనే. రాత్రి ట్యాంకు ఖాళీ అయి ఆగిపోయింది. తెల్లారి డీజిల్ పోసి నాయన హ్యాండిల్ కొట్టడం మొదలుపెట్టినాడు. చేతులు బొబ్బలెక్కినాయి కానీ ఇంజను దగ్గను కూడా దగ్గలేదు. మేస్త్రి వచ్చి చూసి, "ఇంజనుకు డీజిల్ తోసే పంపు పోయింది సామీ, కర్నూలుకు పంపాల, నాలుగు వేలయితాది" అన్నాడు. రెండు రోజులు మళ్లు ఎండినాయి.

మూడో రోజు మా చిన్నాయన వచ్చినాడు. ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరైన మనిషి. జేబులో పదో నంబరు పానా ఉంది, అది తీయకముందే గుడ్డ అడిగినాడు. అంతకు ముందు దేంతోనూ తుడవని గుడ్డ. దాన్ని డీజిల్‌లో ముంచి ఫిల్టర్ చుట్టూ, పంపు చుట్టూ ఉన్న మన్నంతా తుడిచేసరికి పది నిమిషాలు. "ఇంత ఇసక లోపలికి పోయిందంటే అప్పుడు నిజంగానే పంపు పోతాది రా" అన్నాడు.

తర్వాత ఫిల్టర్ మీది స్క్రూ రెండు చుట్లు వదులు చేసినాడు. సబ్బు నురగ మాదిరి బుడగలు బుసబుసా పొంగినాయి. బుడగ ఆగి ఒట్టి డీజిల్ కారేదాకా ఉండి బిగించినాడు. పంపు దగ్గరా అంతే. చివరికి ఇంజను లోపలికి డీజిల్ చిమ్మే నాజిల్‌కు పోయే పైపు నట్టు వదులు చేసి, వాల్వును ఎత్తిపట్టే లివర్ లేపి నన్ను హ్యాండిల్ తిప్పమన్నాడు. ఆ నట్టు దగ్గర డీజిల్ చిమ్మగానే దాన్ని బిగించి, "మళ్ల తిప్పు, చెవి పెట్టి విను" అన్నాడు. ఇంజను పైభాగం, అదే హెడ్డు, దాని లోపల నాజిల్ కిర్రు, కిర్రు అంది. ఆ శబ్దం నాకిప్పటికీ చెవిలోనే ఉంది. లివర్ వదిలినాం, ఇంజను అందుకుంది. పంపుకు ఏ రోగమూ లేదు, ట్యాంకు ఖాళీ అయినప్పుడు లోపల గాలి పట్టింది, అంతే. నాలుగు వేలు!

స్టార్ట్ కాని ఇంజన్లు పదిట్లో తొమ్మిదికి గాలి, చెత్త, నీళ్లు కలిసిన డీజిలే కారణమని నా గట్టి నమ్మకం. ఈ పని పిల్లోడికి నేర్పినా వస్తుంది. కానీ మన దగ్గర మేస్త్రీలు రైతు చూస్తుండగా స్క్రూ విప్పరు, "టీ తీసుకురాపో" అని పంపించేస్తారు. దానికి నాకు ఒళ్లు మండుతుంది.

స్పెషల్ టూల్స్‌లో కొనాల్సినవి రెండే. ఒకటి సన్నని సందులు కొలిచే ఫీలర్ గేజి, నూటాయాభై రూపాయల్లో వస్తుంది. వాల్వు మీద ఉండే టాపెట్ సందులో గడ్డం బ్లేడు దూర్చి చూసేవాళ్లున్నారు. బ్లేడు మందం 0.1 మిల్లీమీటరు, మీ ఇంజను పుస్తకంలో ఉన్న కొలత వేరే. రెండోది టార్క్ రెంచి, బోల్టు ఎంత బిగువైందో కొలిచి చూపే పానా. మా హెడ్డు బోల్టులను ఒకాయన పానాకు గొట్టం తొడిగి బిగిస్తే నెల తిరక్కుండానే హెడ్డు కింద ఉండే గ్యాస్కెట్ ఊదేసింది. బోల్టులన్నీ ఒకే బిగువులో ఉండాలి, చేతి లెక్కకు అది రాదు.

ముట్టుకోకూడనివీ ఉన్నాయి. పంపు లోపలి ప్లంజరు (కడ్డీ), బ్యారెల్ (దాని గొట్టం) ఒకదానికొకటి మైక్రాన్ల లెక్కన, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతుల్లో, జతపడి ఉంటాయి, ఇంట్లో విప్పొద్దు. నాజిల్ ప్రెషర్ చూడాలంటే టెస్టరున్న పంపు షాపుకే తీసుకుపోండి. చిమ్మే నాజిల్‌కు ఎప్పుడూ చెయ్యి అడ్డం పెట్టొద్దు. బైకు టైరులో గాలి రెండు కేజీలుంటే ఇక్కడ దాదాపు 200 కేజీలు, చర్మం చీల్చుకుని డీజిల్ లోపలికి పోతుంది. అట్లా పోయిందంటే చిన్న చుక్క గాయమే కదా అనుకోకుండా వెంటనే ఆస్పత్రికి పరుగెత్తాలి.

మీ ట్రాక్టరు పాతదే అంటున్నారు కాబట్టి ఇది చాలావరకు దానికీ వర్తిస్తుంది. 50 హెచ్‌పి దాటిన కొత్త ట్రాక్టర్లకు 2023 జనవరి నుంచి పొగ రూల్స్ మారి కామన్ రైల్ అనే కంప్యూటర్‌తో డీజిల్ కొట్టే పద్ధతి వచ్చింది, వాటికి ల్యాప్‌టాప్ పెట్టి చూడాల్సిందే. మీకు ఆ గోల లేదు. షాపాయన లిస్టు మీద పెట్టే డబ్బుతో ఒక మంచి పానాల సెట్టు, ఆ రెండు టూల్స్, మూడు నాలుగు డీజిల్ ఫిల్టర్లు తెచ్చి ఇంట్లో పెట్టుకోండి. గుడ్డ మాత్రం ఉతికిందే ఉండాలి.