బక్రీద్ సెలవా, ఏరువాక పున్నమా?

ప్రశ్న: అక్కా, మాది కర్నూలు. ఇద్దరం ఆఫీసులకు పోయేవాళ్లమే కాబట్టి వేసవి సెలవులిచ్చిన దగ్గర్నుంచీ పిల్లలు ఆదోని పక్క పల్లెలో మా అమ్మ దగ్గరే ఉన్నారు. 2025 జూన్ 7 శనివారం బక్రీద్ సెలవు, మర్నాడు ఆదివారం, పోయి తెచ్చేసుకుంటే 12న బడి తెరిచేలోపు బూట్లు, పుస్తకాలకు అట్టలు అన్నీ అయిపోతాయనుకున్నాం. పిల్లలేమో 11న ఏరువాక పున్నమి చూడందే రామని మొండికేశారు, మా అమ్మా వాళ్ల వైపే. సెలవొస్తోందంటే సంతోషం బదులు టెన్షన్‌గా ఉంది. పిల్లలు రావాలనీ ఉంది, వస్తే అమ్మ ఒంటరిదైపోతుందనీ ఉంది. నిజం చెప్పాలంటే ఆ రెండు రోజులూ పడుకోవాలనీ ఉంది.
– ఓ అమ్మ, కర్నూలు

జవాబు: పడుకోండమ్మా. దాన్ని అంత మొహమాటంగా చివర్లో రాయక్కర్లేదు.

పిల్లల్ని అక్కడే ఉండనివ్వండి. క్యాలెండర్ చూసే చెబుతున్నా. బక్రీద్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 2024లో జూన్ 17న, బడులు తెరిచాక వచ్చింది, 2026లో మే నెలాఖరుకు పోతుంది. ఏరువాక అలా కాదు, జ్యేష్ఠ పున్నమికి వస్తుంది, 2026లో అధిక జ్యేష్ఠం, అంటే ఆ నెల రెండుసార్లు ఉంది కాబట్టి ఆ పున్నమి జూన్ 29కి, అదీ సోమవారానికి పోయింది. పోనీ సెలవుందా అంటే లేదు, రైతు పండగ కదా, ఎవరికి పట్టింది! అంటే మీ పిల్లలకు ఈసారి తప్పితే మళ్లీ ఎప్పుడో.

పొద్దున ఎద్దుల్ని కడగడం, కొమ్ములకు రంగులు, మధ్యాహ్నం భక్ష్యాలు, ఇవన్నీ బాగానే ఉంటాయి గానీ అసలు సందడంతా సాయంత్రం ఎద్దుల్ని ఉరికించేటప్పుడే. అందుకని ‘11న పొద్దున్నే వచ్చేద్దాం’ అని బేరం పెట్టకండి, పెళ్లికి పోయి తాళి కట్టకముందే లేచి వచ్చినట్టుంటుంది. రాత్రికి వాళ్ల నాన్న పోయి తీసుకొస్తాడు. నిద్ర చాలక 12న బడి మానితే కొంపలేం మునగవు, అది గురువారం, శుక్రవారం ఒక్కరోజు పోతే రెండో శనివారం, ఆదివారం. అట్టలు అప్పుడేసుకోవచ్చు. కొత్త బడిలో చేరుస్తుంటే మాత్రం మొదటిరోజు ఎగ్గొట్టనివ్వకండి.

బూట్లకు పిల్లలు ఎదురుగా ఉండక్కర్లేదు. పాత సైజు మాత్రం నమ్మొద్దు. సాయంత్రం పూట కాగితం మీద నిలబెట్టి, మడమ నుంచి పొడుగు వేలి దాకా ఎన్ని సెంటీమీటర్లో కొలిచి ఫోన్లో చెప్పమనండి, ఒక సెంటీమీటరు కలిపి ఆదివారం కొనండి. పండగనాడు చాలా షాపులు మూసే ఉంటాయి.

ఇక అమ్మ సంగతి. పిల్లలు 8న వచ్చినా 11న వచ్చినా ఆ ఇల్లు బోసిపోయేదే, తేదీ మారిస్తే తీరేది కాదు. వీలైతే 11న ఒక పూట సెలవు పెట్టి మీరూ పోండి, వచ్చేటప్పుడు వారం రోజులకు ఆమెనూ తీసుకురండి. విత్తనం వేసే కాలం, ఇప్పుడెట్లా వస్తానంటుంది. అయినా అడగండి.