సర్వర్ కొటేషన్: అసెంబుల్డ్ వేయాలా, బ్రాండెడ్ వేయాలా?

ప్రశ్న: సార్, మాది అనంతపురం. ఈసీఈ డిప్లొమా అయ్యాక కర్నూలులో ఒక కంప్యూటర్ షాపులో సర్వీస్ పని చేస్తున్నాను. ఆదోనిలో ఒక జిన్నింగ్ మిల్లు వాళ్ళు సర్వర్ కావాలన్నారు, కొటేషన్ నన్నే తయారు చేయమన్నాడు మా ఓనరు. అసెంబుల్డ్ కంటే బ్రాండెడ్‌కి 90 వేలు ఎక్కువవుతోంది. తక్కువకి వేస్తే ఆర్డర్ ఖాయం, కానీ సీజన్లో ఆగిపోతే తిట్లు తినేది నేనే. ఇంట్లో చూస్తే ఈ రిపేర్ల పనిలో ఏముంది, ఈసెట్ రాసి బీటెక్‌లో చేరు అంటున్నారు. ఒకటే టెన్షన్. ఏం చేయమంటారు?

జవాబు: తమ్ముడూ, ముందు కొటేషన్ సంగతి తేలుద్దాం. దాన్ని నువ్వు ఎట్లా వేస్తావో చూస్తే ఈ లైన్లో నీకు భవిష్యత్తు ఉందో లేదో సగం తెలిసిపోతుంది.

90 వేలు ఎక్కువ అని రాశావు గానీ, ఆ సర్వర్ ఒక రోజు ఆగితే మిల్లుకి ఎంత పోతుందో ఎక్కడా రాయలేదు. అడిగావా? పత్తి దిగే రోజుల్లో గేటు బయట బండ్లు వరుస కట్టి ఉంటే, కాటా చీటీలు, రైతుల లెక్కలు, అకౌంట్లు రాసే ట్యాలీ సాఫ్ట్‌వేర్ అన్నీ ఆ ఒక్క డబ్బా మీదే నడుస్తుంటే నష్టం ఒక రకం, రెండు రోజులు పుస్తకంలో రాసుకుని తర్వాత ఎక్కించుకోగలిగితే ఇంకో రకం. సర్వర్ ఐదేళ్ళు వాడతారనుకుంటే నీ 90 వేలు ఏడాదికి 18 వేలు. సీజన్లో ఒక రోజు ఆగితే పాతిక వేలు పోతాయని సేటు చెప్తే, ఏడాదికి ఒక్క రోజు ఆగకుండా కాపాడినా ఆ డబ్బు వచ్చినట్టే. రెండు వేలే పోతాయంటే నువ్వు బ్రాండెడ్ అంటగట్టడం అన్యాయం. ఇందులో బ్రాండ్ మీద భక్తి, ద్వేషం రెండూ అక్కర్లేదు.

ఆ ఎక్కువ డబ్బుకి ఏం వస్తుందో కూడా నీకు నోటికి రావాలి. మొదటిది ఈసీసీ మెమరీ. మామూలు డీడీఆర్4 మెమరీ ఒకసారికి 64 బిట్లు పంపితే ఇది 72 పంపుతుంది, ఆ అదనపు 8 బిట్ల సాయంతో ఒక బిట్ తప్పితే తనే దిద్దుకుంటుంది, రెండు తప్పితే తప్పిందని చెప్తుంది. ఇది కంపెనీల ప్రచారం అనుకోవద్దు. గూగుల్ తన సర్వర్ల మీద చేసి 2009లో బయటపెట్టిన అధ్యయనంలో ఏడాదిలో దాదాపు మూడో వంతు మెషిన్లలో కనీసం ఒక్కసారైనా ఇలా దిద్దుకున్న తప్పు కనిపించింది. మామూలు మెమరీలో అదే తప్పు జరిగితే ఎవరికీ తెలియదు, లెక్కలో ఒక అంకె మారిపోయినా మారిపోవచ్చు. రెండోది, ఆన్‌లో ఉండగానే మార్చుకోగల డిస్కులు, పవర్ సప్లైలు. మూడోది దూరం నుంచే సర్వర్‌ని చూసుకునే ఏర్పాటు, డెల్‌లో ఐడ్రాక్ అంటారు, హెచ్‌పీలో ఐఎల్ఓ అంటారు: విండోస్ లేవకపోయినా నువ్వు కర్నూలులో కూర్చునే ఏ భాగం పోయిందో చూడొచ్చు. బస్సెక్కి ఆదోని పోయి డబ్బా విప్పి చూసే బాధ తప్పుతుంది, నా మటుకు డబ్బు పెట్టదగ్గది ఇదే.

బ్రోషర్లో డిస్కుకి ఎంటీబీఎఫ్ (సగటున ఎన్ని గంటలకి ఒకసారి పాడవుతుందనే లెక్క) 10 లక్షల గంటలు అని ఉంటే పడిపోవద్దు. 10 లక్షల గంటలంటే 114 ఏళ్ళు, అన్నేళ్ళు ఏ డిస్కూ తిరగదు. 114 డిస్కులు ఏడాదంతా తిరిగితే అందులో సుమారు ఒకటి పోతుందని దాని అర్థం, ఆ ఒక్కటి నీ సేటుదే కావచ్చు. అందుకే రెండు డిస్కులు రైడ్ 1లో, అంటే ఒకే డేటా రెండిట్లోనూ పడేలా పెట్టు, ఒకటి పోయినా రెండోది నడిపిస్తుంది. కానీ రైడ్ బ్యాకప్ కాదు, పొరపాటున ఫైల్ డిలీట్ చేస్తే రెండు డిస్కుల్లోనూ పోతుంది. జీఎస్టీ లెక్కలు వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు దాచాలని చట్టం, కాబట్టి రాత్రి బ్యాకప్ వేరే చోటికి వెళ్ళే ఏర్పాటు కొటేషన్లో ఉండి తీరాలి. సేటు బేరమాడితే ప్రాసెసర్ తగ్గించు, బ్యాకప్ తీసేయకు.

ఇక నువ్వు అడగనిది, అసలైనది. అది జిన్నింగ్ మిల్లు. గాల్లో ఎగిరే పత్తి నూగు ఫ్యాన్లలో చుట్టుకుంటే రెండు లక్షల సర్వరైనా వేడెక్కి ఆగుతుంది. మన కర్నూలు, ఆదోని ఎండల గురించి చెప్పక్కర్లేదు, సర్వర్ గదికి మాత్రం 18 నుంచి 27 డిగ్రీల మధ్య ఉంటే మంచిదంటారు. అందుకని తలుపు మూసుకునే చిన్న గది, ఏసీ, కరెంటు పోయినా క్షణం కూడా ఆగనివ్వని ఆన్‌లైన్ యూపీఎస్, సరైన ఎర్తింగ్, నెలకోసారి దుమ్ము దులపడం, వీటికి మొదట డబ్బు పెట్టించి మిగిలినదాన్ని బట్టి సర్వర్ ఎంచు. పెద్ద మోటార్లు ఆన్ అయినప్పుడల్లా వోల్టేజ్ ఊగే చోట ఇది తప్పదు. చాలా షాపులవాళ్ళు దీన్ని వదిలేస్తారు, ఎందుకంటే గదిలో కమీషన్ లేదు.

వారంటీ కూడా చదువు. మరుసటి పనిదినానికి మనిషి వస్తాడని కాగితం మీద ఉంటుంది, ఆదోని పిన్‌కోడ్‌కి అది వర్తిస్తుందో లేదో కంపెనీ నుంచి మెయిల్లో రాయించుకో. హైదరాబాద్ మనకు 200 కిలోమీటర్ల పైనే. సర్వీస్ రాదని తేలితే బ్రాండెడ్ విలువ సగం పడిపోయినట్టే, అప్పుడు అసెంబుల్డ్ మెషిన్‌తో పాటు ఒక పవర్ సప్లై, ఒక డిస్క్ లారీకి స్టెప్నీలాగా మిల్లులోనే ఉంచడం నయం. గూగుల్ మొదట్లో చవక పీసీలతోనే నడిచింది కదా అని ఎవరైనా అంటారు. నిజమే, కానీ ఒకటి పోతే పని ఇంకొకటి అందుకునేలా వాళ్ళు సాఫ్ట్‌వేర్ రాసుకున్నారు, ట్యాలీ అట్లా తనంతట తాను పక్క మెషిన్ మీదికి దూకదు. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోనో బెంగళూరు ఎస్పీ రోడ్డులోనో పాత బ్రాండెడ్ సర్వర్లు చవగ్గా దొరుకుతాయి, ఈసీసీ కూడా వస్తుంది, స్పేర్లు దగ్గరుంచుకుంటే తప్పేం లేదు.

నీ చోట నేనుంటే ఒక ప్రాసెసర్, ఈసీసీ, రెండు డిస్కులున్న చిన్న బ్రాండెడ్ టవర్ సర్వర్ వేస్తాను. పక్కనే అసెంబుల్డ్ ధర కూడా రాసి, ఏది తీసుకుంటే ఏది పోతే ఎన్ని గంటలు ఆగుతుందో మామూలు తెలుగులో ఒక పేజీ పెడతాను. చవకది సేటే ఎంచుకున్నాడనుకో, ఆ పేజీ మీద సంతకం తీసుకో. తిట్ల భయం చాలావరకు అక్కడే పోతుంది.

ఇప్పుడు ఈసెట్. రాయి. డిప్లొమావాళ్ళకి నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో సీటు, అంటే మూడేళ్ళే. 200 మార్కుల్లో 100 నీ ఈసీఈవే, లెక్కలు 50, ఫిజిక్స్ 25, కెమిస్ట్రీ 25. 2024, 2025ల్లో మే మొదట్లోనే జరిగింది కాబట్టి సంక్రాంతి నుంచి చదువుకుంటే షాపు మానక్కర్లేదు. డిగ్రీ లేకపోతే పెద్ద కంపెనీల్లో దరఖాస్తు దగ్గరే ఆపేస్తారు, ఆ విషయంలో ఇంట్లోవాళ్ళ మాట కరెక్టే. రిపేర్ల పనిలో ఏముంది అన్నది మాత్రం ఒప్పుకోను. విశాఖలో ఐదేళ్ళలో 1,500 కోట్ల డాలర్లు పెడతామని గూగుల్ 2025 అక్టోబర్లో ప్రకటించింది. అది చూసి ఉద్యోగం వచ్చేసినట్టు అనుకోవద్దు, కానీ అలాంటి డేటా సెంటర్లలో పోయిన డిస్కు మార్చేది, మెషిన్ రాసిపెట్టుకున్న లాగ్ చదివేది నీలాంటి చేతులే.

బీటెక్‌లో ఉన్న మూడేళ్ళలో లైనక్స్ గట్టిగా నేర్చుకుని రెడ్ హ్యాట్ కంపెనీ ఇచ్చే లైనక్స్ సర్టిఫికెట్ ఆర్‌హెచ్‌సీఎస్ఏ రాయి, అది సిస్టమ్ ముందు కూర్చుని పని చేసి చూపించాల్సిన పరీక్ష, బట్టీ పనికిరాదు. సిస్కో వాళ్ళ నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్ సీసీఎన్ఏకి తొందర లేదు, మూడేళ్ళకే గడువు తీరిపోతుంది కాబట్టి చివరి ఏడాదిలో చూసుకో. సెలవుల్లో ఆ షాపులోనే పని చేస్తానని ఓనరుతో ఇప్పుడే మాట్లాడి పెట్టుకో. మిల్లు కొటేషన్ పంపేముందు ఒకసారి ఆదోని వెళ్ళి సర్వర్ ఎక్కడ పెడతారో కళ్ళారా చూసి రా.