ఇరాన్ అనే షష్ఠీ విభక్తి

ప్రశ్న: స్కూలు పుస్తకాల్లో పర్షియా అని, పేపర్లలో ఇరాన్ అని, పాత కావ్యాల్లో పారసీకం అని చదువుతున్నాం. 1935లో అక్కడి రాజు దేశం పేరు మార్చాడనీ, అంతకుముందు ఇరాన్ అనే పేరే లేదనీ మా మిత్రుడి వాదన. నిజమేనా? ఆ దేశస్థులను పర్షియన్లు అనాలా, ఇరానియన్లు అనాలా?

సమాధానం: మీ మిత్రుడు సంవత్సరం సరిగ్గానే చెప్పారు, తక్కినది సరికాదు. 1935 మార్చిలో, నౌరోజ్ పండుగ నుంచి, తమతో జరిపే ఉత్తర ప్రత్యుత్తరాల్లో పర్షియా అని కాక ఇరాన్ అని రాయమని రెజా షా ప్రభుత్వం ఇతర దేశాలను కోరింది. (నౌరోజ్ అంటే కొత్త రోజు. మనం రోజూ అనే 'రోజు' ఆ మాటే.) పేరు మారింది పరాయి వాళ్ళ కాగితాల్లో. ఆ దేశంలో మారిందేమీ లేదు. అంతకు ముందు ఏలిన కాజార్ వంశం వాళ్ళు కూడా తమ రాజ్యాన్ని 'మమాలికె మహ్రూసయె ఇరాన్' అనే రాసుకున్నారు, అంటే రక్షణలో ఉన్న ఇరాన్ రాజ్యాలు అని.

అసలు ఈ పేరు ఎంత పాతదో చూడండి. క్రీస్తు శకం 3వ శతాబ్దంలో సాసానీ వంశాన్ని నిలబెట్టిన అర్దషీర్ శిల్పం నక్షె రుస్తం కొండ మీద ఉంది. దాని మీద ఆయన బిరుదు 'షాహాన్ షాహ్ ఏరాన్'. అక్కడ ఏరాన్ అన్నది దేశం పేరు కాదు, 'ఆర్యుల' అని అర్థం. మొత్తం కలిపితే 'ఆర్యుల రాజాధిరాజు'. ప్రాచీన ఇరానీ భాషలో ఈ మాట 'అర్యానాం'. జరతుష్ట్ర మత గ్రంథం అవెస్తాలో 'అయిర్యనాం' అని కనిపిస్తుంది. సంస్కృతంలో 'ఆర్యాణాం'. షష్ఠీ బహువచనం అని మీకు చెప్పనక్కర్లేదు. చివరి 'ఆం' అరిగిపోయి ఏరాన్ అయింది, ఏకారం ఈకారమై ఈరాన్ అయింది.

మరి విభక్తి రూపం దేశం పేరెలా అయిందంటారా? అర్దషీర్ కొడుకు షాపూర్ తన శాసనంలో తాను 'ఏరాన్‌షహ్ర్' కు ప్రభువునని చెప్పుకున్నాడు. ఈ షహ్ర్ మన 'క్షత్ర' శబ్దానికి తోబుట్టువు, అప్పట్లో దాని అర్థం రాజ్యం. తరవాత అది నగరానికి కుదించుకుపోయి, ఉర్దూ మీదుగా షహర్ అని మన దాకా వచ్చింది. ఆర్యుల రాజ్యంలో రాజ్యం జారిపోయి 'ఆర్యుల' మిగిలింది. 'ఫలానావారిపాలెం' అనే ఊరి పేరులో పాలెం ఊడిపోయి 'ఫలానావారి' అన్నదే ఊరి పేరుగా నిలిచిపోతే ఎలా ఉంటుందో, అలాగన్నమాట. నేల కన్నా ముందు మనుషులను చెప్పే పేరు ఇది. నాకు ఈ పేరు మీద ఇంత మక్కువ అందుకే.

ఆర్య శబ్దం రాగానే ఐరోపావాళ్ళు 19వ శతాబ్దంలో అల్లిన జాతి సిద్ధాంతాన్ని తెచ్చి తగిలించకండి. ఆర్య అన్నది ప్రాచీన ఇరాన్ వాళ్ళు తమను తాము పిలుచుకున్న మాట. క్రీస్తు పూర్వమే దారయవహుడు, అంటే మన చరిత్ర పుస్తకాల డేరియస్, అదే నక్షె రుస్తంలో తాను పార్సుడిననీ, పార్సుడి కొడుకుననీ, ఆర్యుడిననీ చెక్కించుకున్నాడు. మీరడిగిన రెండు పేర్లూ ఒకే వాక్యంలో ఉన్నాయి! పార్స అన్నది ఆ రాజు సొంత సీమ. నేటి షీరాజ్ నగరం ఉన్న ఫార్స్ రాష్ట్రం అదే. గ్రీకులు ఆ ఒక్క సీమ పేరునే సామ్రాజ్యమంతటికీ పెట్టి పెర్సిస్ అన్నారు. అదే పర్షియా. అరబ్బీలో పకారం లేదు కనక పార్స్ ఫార్స్ అయింది, పార్సీ ఫార్సీ అయింది.

మనవాళ్ళకు ఈ జనం కొత్త కాదు. గౌతమీపుత్ర శాతకర్ణిని ఆయన తల్లి నాసిక్ శాసనంలో శక, యవన, పల్హవులను అణచినవాడని పొగిడింది. ఆ పల్హవులు ప్రాచీన ఇరాన్‌లోని పార్థియా సీమ వాళ్ళు. రఘువంశంలో రఘువు 'పారసీకాంస్తతో జేతుం ప్రతస్థే స్థలవర్త్మనా' అని నేల దారిన బయల్దేరతాడు. అమరకోశంలోనైతే పారసీకం అంటే ఆ దేశపు గుర్రం.

ఇక ఫిరదౌసి. జాషువా గారి ఖండకావ్యం పుణ్యమా అని ఆయన తెలుగువాళ్ళకు ఆత్మీయుడే. ఇరాన్ రాజుల కథలు చెప్పే ఆయన ఫారసీ కావ్యం షానామా 1010లో పూర్తయింది. అందులో ఫెరీదూన్ అనే రాజు లోకాన్ని ముగ్గురు కొడుకులకు పంచుతాడు. సల్మ్‌కు పడమర, తూర్‌కు తూరాన్, చిన్నవాడు ఈరజ్‌కు ఇరాన్. అన్నలిద్దరూ ఈర్ష్యతో తమ్ముణ్ణి చంపుతారు. తరతరాల ఇరాన్-తూరాన్ పోరుకు మూలం ఆ హత్యే. ఫిరదౌసికి దేశం ఎప్పుడూ ఇరానే. తన భాషను మాత్రం పార్సీ అంటాడు. అప్పటికి దేశాన్ని అరబ్బులు గెలిచి మూడు శతాబ్దాలు దాటింది, మతం మారింది, లిపి మారింది. ఆ పేరునూ ఆ భాషనూ జనం నోట నిలిపిన వాళ్ళలో మొదట తలుచుకోవలసింది ఈయననే. 1934 అక్టోబరులో ఆయన సహస్రాబ్ది ఉత్సవాలు జరిపి, ఆయన ఊరు తూస్‌లో సమాధి మందిరం ప్రారంభించారు. పేరు గురించి దేశాలకు విజ్ఞప్తి వెళ్ళింది ఆ తరవాత కొద్ది నెలలకే. బెర్లిన్‌లోని వాళ్ళ రాయబారులు సలహా ఇచ్చారని కొందరు చెబుతారు. కావచ్చు. సలహా ఎవరిదైనా పేరు మాత్రం వాళ్ళదే. 1979లో రాచరికం పోయినా ఆ పేరు పోలేదు.

ఇప్పుడు ఏం రాయాలి? దేశాన్ని ఇరాన్ అనండి. ప్రాచీన చరిత్రలో పారసీక సామ్రాజ్యం అంటే తప్పు పట్టను. 1959లో అక్కడి ప్రభుత్వమే బయటివాళ్ళు రెండు పేర్లూ వాడుకోవచ్చని సడలించింది. దేశస్థులందరినీ పర్షియన్లు అనడం మాత్రం మానాలి. ఆ దేశంలో అజరీలు, కుర్దులు, లూర్లు, బలూచీలు, అరబ్బులు, తుర్కమెన్లు ఉన్నారు. వాళ్ళూ ఇరాన్ వాళ్ళే, పార్సులు కారు. ఇరాన్ వాళ్ళందరినీ అరబ్బులనడం ఇంకా పెద్ద తప్పు, టీవీ చర్చల్లో అది తరచుగా వినిపిస్తోంది.

'పర్షియన్ భాష' అనే మాట నాకు బాధ కలిగిస్తుంది. గోల్కొండ కాలం నుంచీ ఫారసీ అన్న మాట మన నోట ఉండగా ఇంగ్లీషు వాళ్ళ ఉచ్చారణను అరువు తెచ్చుకోవడం ఎందుకు? 'ఇరానియన్లు' అన్నదీ అంతే. అందులో ఇంగ్లీషు ప్రత్యయం మీద తెలుగు బహువచనం ఎక్కింది. భారతీయులు అన్నట్టు ఇరానీయులు అనవచ్చు, ఇరాన్ వాళ్ళు అంటే ఇంకా హాయి. ఇరానీలు అన్నా వ్యాకరణ దోషం లేదు గానీ, మన దేశంలో ఆ మాటకు వేరే వాడుక ఉంది. ఎప్పుడో గుజరాత్ తీరానికి వచ్చిన జరతుష్ట్ర మతస్థులు పార్సీలు. 19వ శతాబ్దం చివర, 20వ శతాబ్దం మొదట్లో వచ్చి హోటళ్ళు పెట్టుకున్నవాళ్ళు ఇరానీలు. హైదరాబాదు ఇరానీ చాయ్ వాళ్ళ పేరు మీదే వచ్చింది. కనక సందర్భం చూసుకుని వాడండి.

పారసీకమా, పారశీకమా అని కూడా కొందరు అడుగుతుంటారు. కాళిదాసు, అమరసింహుడు వాడినది దంత్య సకారం, నా మొగ్గు దానికే. తెలుగులో శకారం బాగా పాతుకుపోయింది కనక దాన్ని దిద్దను. ఒకే వ్యాసంలో రెండూ కలిపి మాత్రం రాయకండి.