తండ్రి పోయిన ఏడేళ్ల పిల్లవాడికి "మన చేతిలో ఏమీ లేదు" అని ఎలా నచ్చజెప్పాలి?

నన్నడిగితే ముందు నచ్చజెప్పడం ఆపండి. వాడి బుర్రలో ఏం తిరుగుతోందో ఎవరైనా అడిగారా?

మా అక్క కొడుక్కీ అప్పుడు ఏడేళ్లే. బావ రాత్రి నిద్రలోనే పోయారు. పలకరించడానికి వచ్చినవాళ్లంతా వాడితో "నాన్న నిద్రపోయాడమ్మా" అన్నారు. అంతే, వాడు అక్కని పడుకోనిస్తే ఒట్టు. చీకట్లో లేచి కూర్చుని, తల్లి ముక్కు కింద వేలు పెట్టి చూసేవాడు. ఊపిరి తగల్లేదని అనుమానం వస్తే భుజం పట్టి కుదిపేసేవాడు.

వారానికి గానీ అసలు సంగతి బయటపడలేదు. "ఆ పొద్దున నేను గదిలోకెళ్లాను పిన్నీ. ఆదివారం నాన్నని లేపొద్దని అమ్మ చెప్పిందిగా, అందుకే లేపలేదు. లేపుంటే లేచేవాడు."

ఆ వయసు పిల్లలు తమ వల్లే జరిగిందనుకోవడం మామూలే. మనకే తట్టదు. నేను మెత్తటి మాటలేం వాడలేదు. "నిద్ర వేరు, చనిపోవడం వేరు. నాన్న గుండె రాత్రే ఆగిపోయిందని డాక్టర్ చెప్పారు. నువ్వు లేపినా లేచేవారు కాదు" అన్నాను. పదిసార్లు అడిగాడు, పదిసార్లూ అదే చెప్పాను.

ఇంకోపక్క ఈ పెద్దమనుషులు! "ఇక ఇంటికి నువ్వే దిక్కు, ఏడవకూడదు" అంటాడొకాయన. ఏడేళ్లవాడితో! ఇంకొకాయన దుఃఖానికి ఐదు దశలుంటాయని, చివరిది అంగీకారమని క్లాసు పీకాడు. 1969లో ఎలిజబెత్ కూబ్లర్-రాస్ అనే మానసిక వైద్యురాలు ఆ దశలు రాసింది చావుకు దగ్గరైన రోగులతో మాట్లాడి, తండ్రి పోయిన పిల్లల్ని చూసి కాదు. ఇప్పుడు వెక్కివెక్కి ఏడ్చి, ఐదు నిమిషాల్లో బంతి పట్టుకుని పరిగెత్తేవాడికి దశలేమిటండీ?

చేతిలో లేనిదాని గురించి చెప్పేటప్పుడు, చేతిలో ఉండేది ఒకటైనా ఇవ్వాలి. "రాత్రికి ఒక్కసారి అమ్మని లేపొచ్చు. ఎప్పుడన్నది నీ ఇష్టం" అని ఒప్పందం చేసుకున్నాం. లేపితే అక్క "ఉన్నాన్రా" అని అటు తిరిగి పడుకునేది. కొన్ని నెలలకి వాడే మానేశాడు. ఆదివారాలు మాత్రం ఇప్పటికీ అందరికంటే ముందు లేస్తాడు.

ఒకరోజు "నువ్వూ చచ్చిపోతావా అమ్మా?" అన్నాడు. ఎప్పటికీ పోనని అక్క ఒట్టేయబోతుంటే కళ్లతోనే వద్దన్నాను. కాసేపాగి, "ఎప్పుడో ఒకరోజు. ఇప్పుడైతే బాగానే ఉన్నాను. నాకేమైనా అయితే పిన్ని చూసుకుంటుంది" అంది. వాడేం ఏడవలేదు. నా నంబర్ నోట్‌బుక్ వెనక రాసుకున్నాడు. సరైనదో కాదో అని అక్క ఫోన్ తీసుకుని, ఎదురుగా కూర్చున్న నాకే కాల్ చేశాడు.