పాఠకుల ప్రశ్నలు: కొంగ కాలికి కడియం ఎవరు తొడిగారు?

ఈసారి వచ్చిన ఉత్తరాలు దాదాపు అన్నీ పక్షుల మీదే. శ్రీకాకుళం జిల్లాలో పక్షులు గూళ్లు కట్టే తేలినీలాపురం సీజన్ కదా మరి. ఒకేలా ఉన్న ప్రశ్నలు కలిపేశాను, ఎవరూ ఏమీ అనుకోవద్దు.

ప్రశ్న: మాది టెక్కలి పక్కన పల్లె. చిన్నప్పట్నుంచీ తేలినీలాపురం పక్షులు సైబీరియా నుంచి వస్తాయనే విన్నాను, పేపర్లో కూడా ఏటా అదే రాస్తారు. మొన్న కాలేజీలో ఒక సార్ అదంతా ఉత్తిదే అన్నారు. ఏది నిజమండీ? అసలు ఏ పక్షి ఎక్కడ్నుంచి వచ్చిందో ఎలాగ తెలుస్తాది?
– డిగ్రీ విద్యార్థి, టెక్కలి

జవాబు: మీ సార్ మాటే కరెక్టు తమ్ముడూ. తేలినీలాపురం చెట్ల మీద మనం చూసేవి ముఖ్యంగా రెండు రకాలు, బూడిద రంగు పెలికాన్లు, పెయింటెడ్ స్టార్కులు (ఒక రకం కొంగలు). రెండూ మన దక్షిణాసియా, ఆగ్నేయాసియా పక్షులే, సైబీరియాలో ఇవి ఉండవు. ఇంకోలా ఆలోచించు. నిజంగా సైబీరియా నుంచి వచ్చే పక్షి అక్కడి ఎండాకాలంలో అక్కడే గుడ్లు పెట్టి పిల్లల్ని లేపి, చలికాలం నీళ్లు గడ్డకట్టి తిండి దొరక్క ఇటొస్తుంది, నాలుగు నెలలు తిని పోతుంది, ఇక్కడ గూడు కట్టదు. మనవి అలా కాదు, సెప్టెంబర్ దాటాక వచ్చి గూళ్లు కట్టి, గుడ్లు పొదిగి, నౌపడ వైపు చిత్తడి నేలల్లో చేపలు పట్టి తెచ్చి పిల్లల నోట్లో పెట్టి, వాటికి రెక్కలొచ్చాక మార్చి అలా కదుల్తాయి. ఊళ్లో పెద్దోళ్లు వీటిని పురుడుకి పుట్టింటికొచ్చిన ఆడపిల్లలంటారు చూడు, సైన్సు లెక్కలో కూడా ఆ మాటే రైటు. గూడు ఎక్కడుంటే పుట్టిల్లు అక్కడే. మిగతా కాలం నీళ్లున్న చెరువులు వెతుక్కుంటూ మన దేశంలోనే తిరుగుతాయి.

ఇక రెండో ప్రశ్న, ఎలా తెలుస్తాదని. పాత కాలంలో యూరప్‌లో కొంగలు చలికాలం ఎటు పోతున్నాయో తెలీక తలా ఒక కథ చెప్పేవాళ్లు, కొన్ని పిట్టలు చెరువు అడుగున బురదలో నిద్రపోతాయని కూడా నమ్మారు. 1822లో జర్మనీలో ఒక కొంగ దొరికింది, దాని మెడలో దాదాపు 80 సెంటీమీటర్ల ఈటె గుచ్చుకుని ఉంది, చూస్తే అది మధ్య ఆఫ్రికా వాళ్ల ఈటె! పాపం ఆ ఈటెతోనే అంత దూరం ఎగిరొచ్చింది. అదే మొదటి గట్టి సాక్ష్యం. ఆ కొంగని ఇప్పటికీ రోస్టాక్ యూనివర్సిటీలో దాచారు. కానీ ప్రతి కొంగకీ ఈటె గుచ్చలేం కదా, అందుకే 1899లో డెన్మార్క్‌లో మోర్టెన్‌సెన్ అనే స్కూలు మాస్టారు, మన గోరువంకల చుట్టమైన స్టార్లింగ్ పిట్టల్ని 165 పట్టి వాటి కాళ్లకి నెంబరూ అడ్రసూ చెక్కిన అల్యూమినియం రింగులు తొడిగి వదిలాడు. రింగు పద్ధతి ఒక క్రమంలో మొదలైంది అక్కడే.

మన దగ్గర ఇది పెద్ద ఎత్తున జరగడానికి కారణం ఒక జ్వరం, నమ్ముతావా? 1957లో కర్ణాటక షిమోగా అడవుల్లో కోతులు చచ్చిపోయి మనుషులకీ జ్వరాలొచ్చాయి, అదే మంకీ ఫీవర్. దాని వైరస్ రష్యాలో పిడుదుల వల్ల వచ్చే జబ్బుకి దగ్గరగా ఉండేసరికి, సైబీరియా పక్షుల ఒంటి మీద పిడుదులు అంటుకుని వచ్చాయేమో అని డౌటొచ్చింది. 1959లో ప్రపంచ ఆరోగ్య సంస్థ డబ్బిస్తే పక్షి శాస్త్రవేత్త సలీం అలీ గారి ఆధ్వర్యంలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు వేల పక్షులకి రింగులేశారు. రాజస్థాన్ భరత్‌పూర్‌లో రింగు వేసిన బాతులు కొన్ని అప్పటి సోవియట్ దేశంలో దొరికాయి. అంటే సైబీరియా నుంచి వచ్చేవి లేవని కాదు, ఉన్నాయి, బాతులు, ఉల్లంకి జాతి చిన్న పిట్టలు బోలెడు, మనకి దగ్గర్లో చూడాలంటే చలికాలం చిలికా వెళ్లు. పెలికాన్‌కి మాత్రం ఆ పేరు తగిలించకండి.

ప్రశ్న: అయ్యా, మా వరిమడిలో నత్తలు తినే కొంగ ఒకటి చచ్చి పడుంది. కాలికి రేకు రింగు, దాని మీద ఇంగ్లీషు అక్షరాలు, నెంబరూ ఉన్నాయి. మా తోడల్లుడు ఇది చైనా గూఢచారి, పోలీసులకిచ్చెయ్ అంటాడు. ఏటి చెయ్యాలి?
– ఒక రైతు, ఇచ్ఛాపురం మండలం

జవాబు: తోడల్లుడికి నమస్కారం చెప్పండి! ఆయన తప్పేం లేదులెండి, 2023లో బొంబాయి పోర్టు దగ్గర కాళ్లకి రింగులున్న ఒక పావురాన్ని ఇలాగే పట్టుకుని ఎనిమిది నెలలు కస్టడీలో ఉంచారు, చివరికి అది తైవాన్ వాళ్ల పందెం పావురమని తేలి 2024 జనవరిలో వదిలేశారు.

మీ కొంగ విషయానికొస్తే, ఒట్టి చేత్తో ముట్టుకోవద్దు, బర్డ్ ఫ్లూ రోజులివి, కవరో గ్లౌజో వేసుకోండి. రింగు మీదున్న ప్రతి అక్షరం, ప్రతి అంకె కనపడేలా ఫొటోలు తీయండి. తేదీ, ఊరు, ఎలా చనిపోయిందో (కరెంటు తీగా, మందు కొట్టిన పొలమా, కుక్కా) రాసి ఫారెస్టు బీటు ఆఫీసరుకి చెప్పండి. మన దేశం రింగయితే చాలావాటి మీద ‘ఇన్‌ఫార్మ్ బాంబే నాట్. హిస్ట్. సొసైటీ’ అని ఉంటుంది, ఆ సొసైటీకి మీరే రాసినా చాలు, ఆ పక్షికి ఎక్కడ ఎప్పుడు రింగేశారో రికార్డు తీసి చూస్తారు. ఒకవేళ ‘మోస్క్వా’ అని ఉందనుకోండి అది రష్యా రింగు, అప్పుడు నాక్కూడా ఒక ముక్క రాయండి. బతికున్న పక్షికయితే మాత్రం రింగు పీకొద్దు, నెంబరు చదివి వదిలెయ్యడమే.

మీది చిన్న విషయం అనుకోకండి. మీ ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచిలో గూళ్లు కట్టేవి ఈ నత్తగుల్ల కొంగలే, ఓపెన్ బిల్ అంటారు. భరత్‌పూర్‌లో రింగు వేసిన పిల్ల కొంగ ఒకటి 800 కిలోమీటర్లు తూర్పున దొరికింది, థాయిలాండ్‌లో వేసిన ఇంకోటి 1500 కిలోమీటర్లు పడమరగా వచ్చి బంగ్లాదేశ్‌లో దొరికింది. ఇవి తెలిసింది ఎవరో మీలాంటాయన రింగు చూసి పడెయ్యకుండా కబురు చెయ్యబట్టే. చిన్న పిట్టలకయితే వందల రింగులేస్తే ఒక్కదాని కబురు రావడమే కష్టం, ఈ పని మొత్తం ఆ ఒక్క కబురు మీదే నడుస్తోంది.

ప్రశ్న: నోరులేని జీవాన్ని వలేసి పట్టి కాలికి కడియం తొడగడం పాపం కాదా? వాటికి నొప్పి పుట్టదా?
– గృహిణి, బొబ్బిలి

జవాబు: సరిగ్గా చేస్తే నొప్పి ఉండదమ్మా, మనం గాజు వేసుకున్నట్టే వదులుగా ఉంటుంది. పక్షి సైజుని బట్టి రింగు సైజు మారుతుంది, పిచ్చుక రింగు కొంగకి పట్టదు, కొంగది పిచ్చుకకి వేస్తే కాలు విరుగుతుంది. సన్నని దారం వలలు కట్టి, ఘడియ ఘడియకీ వెళ్లి చూసి, పడ్డవాటిని గుడ్డసంచిలో పెట్టి, బరువు, రెక్క పొడవు కొలిచి రింగేసి నిమిషాల్లో వదిలేస్తారు. ఎండెక్కితే వలలు మూసేస్తారు.

కొంగల సంగతి వేరు. ఎండకి అవి సొంత కాళ్ల మీదే రెట్ట వేసుకుంటాయి, ఆ తడి ఆరేటప్పుడు ఒళ్లు చల్లబడుతుంది. కింద రింగేస్తే రెట్ట అందులో గట్టిపడి కాలు కోసుకుపోవచ్చు, అందుకని మోకాలులా కనిపించే కీలుకి పైన వేస్తారు (నిజానికి అది మోకాలు కాదు, చీలమండ). ఇలాంటివి తెలీనివాళ్లు ఈ పని చేస్తే మీరన్నట్టు పాపమే, నేనూ ఒప్పుకోను. అందుకే ముందు ట్రైనింగు, తర్వాతే చేతికి రింగు.

ప్రశ్న: జీపీఎస్ కాలంలో ఇంకా ఈ రేకు ముక్కలెందుకు సార్?
– ప్రైవేట్ ఉద్యోగి, విజయనగరం

జవాబు: బరువు, డబ్బు. పక్షి మోసే యంత్రం దాని బరువులో మూడు శాతం దాటకూడదని ఒక లెక్క. నాలుగు కిలోల పెలికాన్ అయితే 120 గ్రాముల వరకూ మోస్తుంది, పాతిక గ్రాముల పిచ్చుకకి ముప్పావు గ్రామే హద్దు. ట్రాన్స్‌మిటర్ ఖరీదు చూస్తే పదుల్లో పెట్టడమే గొప్ప, రింగులు లక్షల్లో వేస్తారు. పైగా బ్యాటరీ పోతుంది, పరికరం ఊడిపోతుంది, రింగు ఉంటుంది. పసిఫిక్ సముద్రంలో మిడ్‌వే దీవిలో 1956లో రింగేసిన ‘విజ్‌డమ్’ అనే ఆల్బట్రాస్ (పెద్ద సముద్రపు పక్షి) 2024లో కూడా గుడ్డు పెట్టింది, దాని వయసు 70 దాటిందని చెప్పగలుగుతున్నామంటే ఆ రేకు ముక్క పుణ్యమే.

అలాగని ట్రాన్స్‌మిటర్లు తక్కువవి కావు. 2013లో నాగాలాండ్‌లో మూడు అముర్ డేగలకి ఐదు గ్రాముల సోలార్ ట్యాగులు కడితే, అవి మన దేశం దాటి అరేబియా సముద్రం మీద ఆగకుండా ఎగిరి ఆఫ్రికా చేరడం రోజూ కంప్యూటర్లో కనిపించింది. 2022 అక్టోబర్లో ట్యాగు కట్టిన ఒక గాడ్‌విట్ (పొడుగు ముక్కు తీరపు పక్షి) పిల్ల అలాస్కా నుంచి టాస్మేనియాకి 13,560 కిలోమీటర్లు, 11 రోజులు, ఎక్కడా దిగకుండా వెళ్లింది. రింగయితే మొదలూ చివరా చెప్తుంది, దారి చెప్పదు.

ప్రశ్న: నేను తొమ్మిదో క్లాసు. మా పెరట్లో గోరువంకల్ని పట్టి తీగతో రింగు చేసి కట్టొచ్చా?
– పాలకొండ

జవాబు: వద్దు బాబూ. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం పర్మిషన్ లేకుండా పక్షిని పట్టడమే నేరం, తీగ కడితే కాలు కుళ్లిపోతుంది కూడా. పట్టకుండా చెయ్యగల పని చాలా ఉంది. మీ ఊరి చెరువుకి ఏ పక్షి ఏ తారీకున మొదట వచ్చింది, ఎప్పుడు కనపడటం మానేసింది అని నోటుబుక్‌లో రాయి, ఫోనుంటే ఈబర్డ్ యాప్‌లో ఎక్కించు, అది ఫ్రీ. కాలికి రంగు రింగో జెండాలాంటి ప్లాస్టిక్ ముక్కో ఉన్న పక్షి కనిపిస్తే దగ్గరికి పరిగెత్తకు, దూరం నుంచే జూమ్ చేసి ఫొటో తియ్యి. రంగులు ఏ వరసలో ఉన్నాయో, ఎడమ కాలా కుడి కాలా, కీలుకి పైనా కిందా అన్నది అక్కడికక్కడే రాసుకో, ఒక్కటి తారుమారైనా అది ఇంకో దేశం పక్షి అయిపోద్ది.