బయోలో ఆ మాట పెట్టుకోవచ్చా అని అడిగావుగా

అమ్మలూ,

నీ మెసేజ్ రాత్రి పదకొండింటికి చూశాను. "మావయ్యా, ఇన్‌స్టా బయోలో ఫోటోగ్రాఫర్ అని పెట్టుకుంటే నవ్వుతారా?" అని ఒక్క లైను, దాని కింద నలభై మూడు ఫోటోలు. ఫోన్లో చూడబుద్ధి కాక పొద్దున్నే స్టూడియోకి వచ్చి పెద్ద మానిటర్ మీద వేసుకుని చూశాను. వాయిస్ మెసేజ్ పెడదామంటే మధ్యమధ్యలో పాస్‌పోర్ట్ సైజు వాళ్లు వస్తున్నారు. అందుకని కూర్చుని రాస్తున్నా. పొడుగైతే తిట్టుకోకు.

ముందు సమాధానం చెప్పేస్తాను. బయోలో పెట్టుకో. ఎవరూ నవ్వరు, అసలు నీ బయో చదివేంత తీరిక ఎవరికుంది. కానీ మెసేజ్ చివర్లో ఇంకో మాట ఇరికించావే, ఆఫీసులో కొలీగ్ వాళ్ల చెల్లెలి పెళ్లి నిన్నే తీయమంటున్నారని, పాతిక వేలు ఇస్తామన్నారని, దానికి మాత్రం ఒప్పుకోకు. నువ్వు ఈ రెండూ ఒకే ప్రశ్న అనుకుంటున్నావు. బయోలో మాట నీకూ నీ కెమెరాకూ మధ్య సంగతి. పెళ్లికి ఒప్పుకుంటే ఆ మాటను నమ్మి ఇంకొకళ్లు ఊరుకుంటారు, వేరే మనిషిని పెట్టుకోరు.

మొదటి సంగతి తేల్చేస్తా. గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌కి నువ్వు ఆదివారం ఆదివారం తెల్లారకముందే వెళ్తున్నావని మీ అమ్మ చెప్పింది (కంప్లయింట్ చేసింది అనాలి). ఎవరూ పంపకుండా, ఎవరూ డబ్బివ్వకుండా, చలిలో లేచి ఒకే చోటికి ఆరు వారాలు వెళ్లావంటే నాకు అది చాలు. కెమెరా ఎంతది, లెన్సు ఎంతది అని నేను అడగను. నీ పదిహేడో ఫోటో చూడు. బంతిపూల గుట్ట పక్కన పెద్దావిడ కూర్చుని మాల కడుతోంది, దారం ఒక కొస కాలి బొటనవేలికి చుట్టుకుంది. నువ్వు ఆవిడ మొహం జోలికి పోలేదు. దారం బిగుసుకుని వేలి మీద చర్మం తెల్లబడిన చోట ఫోకస్ ఉంది, చేతులు మాత్రం కాస్త చెదిరినట్టు పడ్డాయి, అంటే ఏ అరవయ్యో వంతు సెకనులోనో తీసుంటావు. ఆ చెదరడం వల్లే ఆవిడ ఎంత వేగంగా కడుతోందో తెలుస్తోంది. అది నువ్వు తెలిసి చేశావా, చీకట్లో షట్టర్ స్పీడు (షట్టర్ తెరుచుకుని మూసుకునే వేగం) పడిపోతే అలా కుదిరిందా? నాకు చెప్పనక్కర్లేదు, నీకు తెలిస్తే చాలు. తెలిసి చేసుంటే వచ్చే ఆదివారం మళ్లీ చేయగలవు.

పద్దెనిమిదోది అదే ఆవిడ, తలెత్తి నీకోసం నవ్వింది. దానికి లైకులు ఎక్కువ వచ్చుంటాయి, పందెం. బాగానే ఉంది, కానీ అలాంటి నవ్వు ఎవరు కెమెరా ఎత్తినా వస్తుంది.

నలభై మూడింట్లో నేనైతే ఆరు ఉంచుతాను. ఏ ఆరో చెప్పను. ఒక పని చెయ్యి. మొత్తం అన్నీ చిన్న సైజులో ప్రింట్లు వేయించు, పెద్ద ఖర్చేమీ కాదు, మీ గదిలో బీరువా తలుపులకి అంటించు. రోజూ బట్టలు తీసుకునేటప్పుడు కళ్లబడతాయి కదా, నెల తిరిగేసరికి కొన్ని నీకే విసుగు పుడతాయి. విసుగు పుట్టినదాన్ని పుట్టినట్టు పీకెయ్యి. నువ్వు కష్టపడి తీసినవి, చెరువు గట్టు మీద గంటసేపు కాచుకుని తీసిన కొంగ లాంటివి, పీకడానికి చెయ్యి రాదు. పీకాల్సింది ముందు వాటినే. ఫోటో చూసేవాడికి నీ కష్టం కనబడదు, ఫోటోనే కనబడుతుంది. నా దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చిన కుర్రాళ్లలో తీయడం తొందరగా వచ్చినవాళ్లు చాలామందే ఉన్నారు, తీసినవాటిలో ఏది పారేయాలో తెలిసినవాళ్లు ఇద్దరో ముగ్గురో. వాళ్లే ఈ పనిలో మిగిలారు.

ఉద్యోగం చేసుకుంటూ వీకెండ్లో తీసేదాన్ని, నేనేం ఫోటోగ్రాఫర్ని అని ఒక దిగులు కూడా వెళ్లబోసుకున్నావు. మన హైదరాబాద్ చరిత్రలో అందరికంటే పెద్ద ఫోటోగ్రాఫర్ రాజా దీన్ దయాళ్ సంగతి తెలుసా? రూర్కీలో ఇంజినీరింగ్ చదివి ఇండోర్‌లో పీడబ్ల్యూడీలో పనిచేసేవాడు. 1874లో, ముప్ఫయ్యేళ్ల వయసులో, కెమెరా పట్టాడు. ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి ఆ ఉద్యోగంలోనే ఉండి తీశాడు. ఆరో నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్ కావడం, ముసవ్విర్ జంగ్ అని బిరుదు రావడం అదంతా తర్వాతి ముచ్చట. డబ్బు వస్తేనే ఆ మాటకి అర్హత అనేవాళ్లకి ఇంకో మనిషిని చూపించు: షికాగోలో పిల్లల్ని చూసుకునే ఆయాగా బతికిన వివియన్ మేయర్. లక్షకు పైగా ఫ్రేములు తీసి, దాదాపు ఎవరికీ చూపించకుండా 2009లో పోయింది. ఆవిడ బయోలో ఏం రాసుకునేదో మరి.

ఇక పెళ్లి దగ్గరికి వద్దాం.

నేను 1986లో స్టూడియో పెట్టాను. అప్పటికి నాలుగేళ్లు మా గురువుగారి దగ్గర డార్క్‌రూమ్‌లో ఫోటోలు కడిగే హైపో మందు వాసన పీల్చాను, పెన్సిల్‌తో నెగటివ్ మీద మచ్చలు దిద్దే టచింగ్ నేర్చుకున్నాను, పెళ్లిళ్లకి లైటు పట్టుకుని నిలబడ్డాను. బోర్డు రాసే ఆయన నిచ్చెన మీద నుంచి "పేరు కింద ఏం రాయమంటావయ్యా?" అంటే "ఫోటోగ్రాఫర్ అని రాయి, పసుపు రంగులో" అన్నాను. తడుముకోలేదు. కార్డులు కూడా అచ్చు వేయించాను, సగం తెనాలి పంచిపెట్టాను.

1988 మాఘమాసంలో ఒక పెళ్లి. చేతిలో సెకండ్ హ్యాండ్ పెంటాక్స్ కె1000 కెమెరా, మనిషినైతే గట్టివాణ్ణే అనుకుంటున్నా. ముహూర్తం తెల్లవారుజామున. ముహూర్తానికి ముందు కొత్త రీలు ఎక్కించాను, హడావుడిలో వెనక మూత వేసేశాను, లివర్ లాగుతున్నాను, నొక్కుతున్నాను. జీలకర్ర బెల్లం, మంగళసూత్రం, తలంబ్రాలు అన్నీ అయ్యాయి. రీలుకి ముప్ఫయ్యారు ఫోటోలే, కౌంటర్ ముప్ఫయ్యారు దాటింది. ముప్ఫయ్యెనిమిది అయింది. లివర్ ఇంకా హాయిగా తిరుగుతోంది. అప్పుడు చూశాను ఎడమ పక్క, రీలు వెనక్కి చుట్టే రివైండ్ నాబ్ వైపు. రీలు లోపల నడుస్తుంటే లివర్ లాగినప్పుడల్లా అది తిరగాలి. తిరగడం లేదు. రీలు కొస అవతల దాన్ని చుట్టుకునే స్పూల్‌కి తగులుకోనే లేదు. అంతసేపూ నేను తీసింది ఏమీ లేదు.

నేనేం చేశానో తెలుసా? ఎవరికీ చెప్పలేదు. భోజనాల ఫోటోలు, అప్పగింతలు అన్నీ ఇంకో రీలు మీద తీసి ఇంటికొచ్చేశాను. అప్పట్లో కలర్ రీళ్లు కడగడానికి బెజవాడ ల్యాబుకి బస్సులో పంపేవాళ్లం, అదో వంక దొరికింది. ల్యాబులో లేటంట అని నాలుగు రోజులు తిప్పాను. ఐదో రోజు పెళ్లికూతురి తండ్రి, మిర్చి రైతు, సైకిల్ మీద వచ్చి స్టూడియో బెంచీ మీద కూర్చుంటే ఇక చెప్పక తప్పలేదు. ఆయన అరుస్తాడనుకున్నాను. "ఒక్కటి కూడా లేదా బాబూ?" అన్నాడు, అంతే. తర్వాత తువ్వాలు భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. అడ్వాన్సు వెనక్కి ఇవ్వబోతే తీసుకోలేదు, మా గురువుగారే వాళ్ల ఊరెళ్లి బలవంతాన ఇచ్చి వచ్చారు. నాకు ఆయన పెట్టిన చీవాట్లు రీలు గురించి కాదు, ఆ నాలుగు రోజుల గురించి. మండపంలోనే చెప్పి ఉంటే కనీసం చుట్టాలందరూ చెదరకముందే పీటల మీద కూర్చోబెట్టి ఒక మంచి గ్రూపు ఫోటో తీసేవాణ్ణి కదా.

బోర్డు మీద ఆ మాట అప్పటికి రెండేళ్లుగా ఉంది.

నీ కెమెరాలో రీలు లేదు కాబట్టి నీకిది జరగదు అనుకోకు. ఇప్పుడు మెమరీ కార్డులున్నాయి. కార్డు పెట్టే స్లాట్లు రెండున్న కెమెరా బాడీ అయితే రెండు కార్డుల్లోకీ ఒకేసారి రాసేలా పెట్టుకోవచ్చు, నీది ఒకటే స్లాటు. అంటే కార్డు పోతే పెళ్లి పోయినట్టే. ఒకే బాడీ, ఒకే ఫ్లాషు, రెండు బ్యాటరీలు, వీటితో పెళ్లికి వెళ్తే నువ్వు ఫోటోలు తీయవు, రాత్రంతా దేవుడికి దణ్ణం పెట్టుకుంటావు.

ఇంకా ఉంది. జీలకర్ర బెల్లం పెట్టేదే అసలు ముహూర్తం. అడ్డుతెర పట్టుకుని ఉంటారు, పురోహితుడు వాచీ చూస్తుంటాడు, గట్టిమేళం మొదలవుతుంది, పిల్లా పిల్లాడూ ఒకరి నెత్తిన ఒకరు చెయ్యి పెడతారు, తెర దిగుతుంది, ఇద్దరూ ఒకర్నొకరు చూసుకుంటారు. ఆ చూపు ఒక్క క్షణం. సరిగ్గా అప్పుడే ఇరవై ఫోన్లు లేస్తాయి, ఎవడో మేనమామ నీ లెన్సు ముందుకొచ్చి నిలబడతాడు (నా మొదటి అయిదేళ్ల ఆల్బమ్‌ల నిండా మేనమామల వీపులే). అందుకని ముందురోజే పురోహితుడితో మాట్లాడుకుని, తెర ఎటు నుంచి దించుతారో అడిగి చోటు చూసుకోవాలి. ఇక ఇప్పటి మండపాల్లో వెనక ఎల్‌ఈడీ వాల్ పెడుతున్నారు, షట్టర్ స్పీడు పెంచావా అడ్డంగా చారలు పడతాయి, తగ్గించావా చేతులు చెదురుతాయి. పూల మార్కెట్లో చెదిరితే అందం అన్నాను, తాళి కట్టే చెయ్యి చెదిరితే పిల్ల తల్లి అలా అనదు.

మళ్లీ తీద్దాం అనడానికి లేని చోట, నిద్ర లేక, ఆకలేసి, లైటు దరిద్రంగా ఉన్నప్పుడు కూడా పనికొచ్చే ఫోటోలు ఇవ్వగలనని నీకు నమ్మకం కుదిరాక పెళ్లికి ఒప్పుకో. ఆ నమ్మకం వేరేవాళ్ల పెళ్లి మీద ప్రయోగం చేసి తెచ్చుకునేది కాదు. రెండో కెమెరాగా వెళ్లాలి. మెయిన్ వాడు ముహూర్తం చూసుకుంటాడు, నువ్వు అమ్మమ్మల్ని, పిల్లల్ని, వంటశాలని తీస్తావు. నువ్వు పొరపాటు చేస్తే ఎవరి గుండే ఆగదు. కనీసం ఏడెనిమిది పెళ్లిళ్లు అలా చెయ్యి.

ఆడపిల్ల అర్ధరాత్రి మండపాల్లో ఏంటని మీ అమ్మ నాతోనూ అంది. రాకపోకల సంగతి ఆలోచించాల్సిందే, కాదనను. కానీ పెళ్లికూతుర్ని చేసే గదిలోకి మా మగాళ్లం వెళ్లి చేసేదేముంది, తలుపు దగ్గర నిలబడి రెండు తీసి వచ్చేస్తాం. దీన్ దయాళ్ కూడా పరదా స్త్రీల ఫోటోల కోసం 1890ల్లోనే హైదరాబాద్‌లో జనానా స్టూడియో పెట్టి, అక్కడ ఫోటోలు తీయడానికి ఒక ఆవిడనే పెట్టాడు. ఇప్పుడు చాలా కుటుంబాలు అమ్మాయి ఫోటోగ్రాఫర్ ఉందా అని నన్నే అడుగుతున్నాయి.

డబ్బు తీసుకునే రోజు వచ్చాక కొన్ని పనులు మరిచిపోకు. ఎంత అడ్వాన్సు, ఎన్ని ఫోటోలు, ఎప్పటికి ఇస్తావు, ఆల్బమ్‌లో ఎన్ని షీట్లు, అన్నీ కాగితం మీదో కనీసం వాట్సాప్‌లోనో రాసుకో, చుట్టాలైనా సరే, చుట్టాలైతే మరీను. ఫోటోలు రెండు వేర్వేరు చోట్ల కాపీ అయ్యేదాకా కార్డు ఫార్మాట్ చేయకు. డబ్బిచ్చి తీయించుకున్న ఫోటో మీద, వేరే ఒప్పందం లేకపోతే, 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం హక్కు తీయించుకున్నవాళ్లదే. నేను తీశాను కదా అని పెళ్లికూతురి ఫోటో నీ పేజీలో పెట్టేయకు, ముందే రాతపూర్వకంగా అడుగు. ఇంకోటి, మీ కంపెనీ అపాయింట్‌మెంట్ లెటర్ తీసి చదువు, బయట సంపాదన కూడదని చాలా ఐటీ కంపెనీలు రాస్తున్నాయి.

కొలీగ్‌కి ఏం చెప్పాలంటావా? ఉన్నది ఉన్నట్టు చెప్పు. "నేను ఇంకా పెళ్లిళ్లు తీసేంత దాన్ని కాలేదు, మెయిన్ ఫోటోగ్రాఫర్‌ని పెట్టుకోండి, నేను కూడా వచ్చి ఊరికే తీసి ఆల్బమ్‌లో కలవని ఓ యాభై ఫోటోలు గిఫ్టుగా ఇస్తాను" అను. చిన్నబోతుందని భయపడకు. ఆవిడ అడిగింది నీ మీద ఇష్టంతో, చెల్లెలి పెళ్లి ఫోటోలు రాకపోతే ఆ ఇష్టం ఎన్నాళ్లుంటుంది?

వచ్చే నెలలో గుంటూరులో నాకు రెండు పెళ్లిళ్లున్నాయి, మొదటిది శనివారం రాత్రి, ముహూర్తం రెండు గంటల నలభై నిమిషాలకి. శుక్రవారం సాయంత్రం బస్సెక్కి వచ్చెయ్. రెండో బాడీ నేనిస్తాను. మండపం మీద చెప్పులుండవు, తలంబ్రాల బియ్యం అరికాళ్లకి గుచ్చుకుంటాయి, మందపాటి సాక్సులు తెచ్చుకో. బీరువా మీద మిగిలిన ప్రింట్లు కూడా ఒక కవర్లో పెట్టుకుని రా. పీకేసినవి కూడా విడిగా తీసుకురా, నాకు అవే ముందు చూడాలనుంది.

మీ మావయ్య