అధ్యక్ష అభ్యర్థి అనుభవాన్ని ఎలా తూచాలి?

పాఠకుల ప్రశ్నలకు నల్లగొండ నుంచి ఒక విశ్రాంత అర్థశాస్త్ర అధ్యాపకురాలి జవాబులు

ప్రశ్న: నేను ప్రభుత్వ ఉద్యోగం చేసి రిటైరయ్యాను. అనుభవం లేనివారి చేతికి దేశాన్ని అప్పగించకూడదన్నది నా అభిప్రాయం. మా అబ్బాయి మాత్రం 2008 అమెరికా ఎన్నికను చూపించి, మెకెయిన్‌ను కాదని ఒబామాను ఎన్నుకున్నారు కదా, అనుభవం ఎవరికి కావాలి అంటాడు. ఇంట్లో ఈ వాదన తెగడం లేదు. మీరేమంటారు?
– ఒక పాఠకుడు, దేవరకొండ

జవాబు: మీ మాటను కొట్టిపారేయలేను. జాన్ మెకెయిన్ 1983లో అమెరికా పార్లమెంటు దిగువ సభ అయిన ప్రతినిధుల సభలో అడుగుపెట్టారు, 1987 నుంచి ఎగువ సభ అయిన సెనేట్‌లో ఉన్నారు. అంతకుముందు నౌకాదళ పైలట్‌గా వియత్నాంలో పట్టుబడి అయిదేళ్లకు పైగా బందీగా ఉన్నారు. ఒబామా ఇల్లినాయ్ రాష్ట్ర సెనేట్‌లో పనిచేసి, 2005 జనవరిలో జాతీయ సెనేట్‌కు వచ్చారు. అధ్యక్ష పదవికి పోటీపడేనాటికి అక్కడ నాలుగేళ్లయినా నిండలేదు. సర్వీసు రిజిస్టరు ముందు పెట్టుకుని చూస్తే ఇద్దరికీ పోలికే లేదు.

అయితే ఆ సంవత్సరం సెప్టెంబరు ఇద్దరికీ ఒకే పరీక్ష పెట్టింది. 15వ తేదీన లేమన్ బ్రదర్స్ అనే పెద్ద పెట్టుబడి బ్యాంకు దివాలా తీసింది. అదే రోజు ఫ్లోరిడా సభలో మెకెయిన్, ఇవి చాలా కష్టకాలమని ఒప్పుకుంటూనే, మన ఆర్థిక వ్యవస్థ పునాదులు గట్టిగా ఉన్నాయన్నారు. ఇళ్ల అప్పులు కట్టలేక ఊళ్లకు ఊళ్లు ఖాళీ అవుతున్న సమయమది. 24వ తేదీన ఆయన ప్రచారం ఆపేశారు, అభ్యర్థుల తొలి టీవీ చర్చను వాయిదా వేయాలన్నారు. రెండు రోజులకే ప్రచారానికీ, చర్చకూ తిరిగి వచ్చారు. 29న బ్యాంకులను ఆదుకునే బిల్లును ప్రతినిధుల సభ 228–205తో తిరస్కరించింది, షేర్ మార్కెట్ డౌ సూచీ ఒక్క రోజులో 777 పాయింట్లు పడింది. అక్టోబరు 1న అదే బిల్లు మార్పులతో సెనేట్‌కు వచ్చినప్పుడు ఇద్దరూ అనుకూలంగానే ఓటేశారు. అంటే ఆ పెద్ద నిర్ణయంలో ఇద్దరి మధ్య తేడా లేదు. ఆ రెండు వారాల్లో ఎవరు నిలకడగా కనిపించారన్నదే ఓటర్లు చూశారు. ఆర్థిక విషయాలు తనకు తెలియాల్సినంతగా తెలియవని మెకెయిన్ అంతకు కొన్ని నెలల ముందే చెప్పి ఉన్నారు. అది నిజాయితీగా చెప్పిన మాట, నాకు గౌరవమే. కానీ అలా చెప్పిన మనిషి ఆ లోటు తీర్చే సహచరులను పక్కన పెట్టుకోవాలి. ఆయన ఉపాధ్యక్ష అభ్యర్థిగా ఎంచుకున్న సారా పాలిన్ అలాస్కా గవర్నరై రెండేళ్లయినా కాలేదు. దాంతో ప్రత్యర్థికి అనుభవం లేదన్న ఆయన ప్రధాన వాదనను ఆయనే బలహీనపరచుకున్నట్లయింది. ఒబామా 1973 నుంచి సెనేట్‌లో ఉన్న బైడెన్‌ను తీసుకున్నారు, సలహాకు అమెరికా కేంద్ర బ్యాంకు మాజీ అధిపతి పాల్ వోల్కర్ వంటివారిని పిలిచారు. తనకు లేని అనుభవం ఎవరి దగ్గర ఉందో గుర్తించడం కూడా పాలనలో భాగమే.

ఇక మీ అబ్బాయికి ఒక మాట. అనుభవం లేకపోవడమే అర్హత అన్నట్లు ఆయన వాదిస్తుంటే, అది నేను ఒప్పుకోను. ఒబామా వచ్చాక 787 బిలియన్ డాలర్ల ఉద్దీపన చట్టం చేశారు. అయినా 2009 అక్టోబరుకు నిరుద్యోగం 10 శాతానికి చేరింది. కొత్త ముఖం వచ్చినంత మాత్రాన ఉద్యోగాలు ఊడిపడవు.

చరిత్రలో రెండు పక్షాలకూ సాక్ష్యాలు దొరుకుతాయి. జేమ్స్ బుకానన్ ప్రతినిధిగా, సెనేటర్‌గా, విదేశాంగ మంత్రిగా, రష్యాకూ బ్రిటన్‌కూ రాయబారిగా పనిచేసి అధ్యక్షుడయ్యారు. దేశం రెండుగా చీలిపోతుంటే చూస్తూ ఉండిపోయారు. ఆయన తర్వాత వచ్చిన లింకన్‌కు జాతీయ స్థాయిలో ఉన్నది ప్రతినిధుల సభలో రెండేళ్ల అనుభవం మాత్రమే. హెర్బర్ట్ హూవర్ సంగతి ఇంకా బాధాకరం. మొదటి ప్రపంచ యుద్ధంలో బెల్జియం ప్రజల ఆకలి తీర్చిన సమర్థుడాయన, ఏళ్ల తరబడి వాణిజ్య మంత్రిగా చేశారు. అధ్యక్షుడయ్యాక 1930లో, దిగుమతి సుంకాలు పెంచే స్మూట్–హాలీ బిల్లును ఆమోదించవద్దని వెయ్యిమందికి పైగా ఆర్థికవేత్తలు సంతకాలు చేసి పంపినా, ఆయన బిల్లు మీద సంతకం పెట్టేశారు. ఇతర దేశాలు ఎదురు సుంకాలు వేశాయి, అసలే కుదేలైన వ్యాపారం మరింత కుంగిపోయింది.

మా నల్లగొండ పల్లెల్లో బోరు పాయింటు చూపించేవారిని రైతులు ఎన్నేళ్లుగా చూపిస్తున్నావని అడగరు. చూపించిన చోట్లలో ఎన్నింట నీళ్లు పడ్డాయని అడుగుతారు. అభ్యర్థి అనుభవాన్నీ అలాగే విచారించాలి.

అలా విచారిస్తే ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ అనుభవం నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపిస్తుంది. న్యూయార్క్ గవర్నర్‌గా ఉండగా 1931లో నిరుద్యోగుల సహాయానికి రాష్ట్ర స్థాయి సంస్థను పెట్టారు. ఆ పని చేసిన హ్యారీ హాప్కిన్స్‌నే 1933లో అధ్యక్షుడయ్యాక వాషింగ్టన్‌కు తీసుకెళ్లి దేశమంతటి సహాయ కార్యక్రమాన్ని అప్పగించారు. చిన్నచోట చేసి చూసిన పనిని, చేసిన మనిషితో సహా పెద్దచోటికి తీసుకుపోయారు. నలుగురిలో ఒకరికి పని లేని రోజులవి. ఇలాంటి అనుభవం ఉన్న అభ్యర్థి దొరికితే మీ పక్షాన నేనూ గట్టిగా వాదిస్తాను.

ప్రశ్న: పోలేపల్లి సెజ్‌లోని ఒక మందుల కంపెనీలో పనిచేస్తున్నాను. మా సరుకు అమెరికా పోతుంది కాబట్టి అక్కడి ఎన్నికల వార్తలు చదువుతుంటాను. ఒకరు పన్నులు తగ్గిస్తామంటారు, ఇంకొకరు ధరలు తగ్గిస్తామంటారు, మరొకరు సుంకాలతో ఉద్యోగాలు తెస్తామంటారు. వీటిలో ఏది జరిగేదో సామాన్యుడికి ఎలా తెలుస్తుంది?
– ఒక పాఠకుడు, జడ్చర్ల

జవాబు: వాగ్దానం వినగానే, దాన్ని నెరవేర్చే అధికారం ఎవరి చేతిలో ఉందో చూడండి. అమెరికాలో ఆదాయపు పన్ను మార్చాలంటే కాంగ్రెస్, అంటే అక్కడి పార్లమెంటు, చట్టం చేయాలి. వడ్డీ రేట్లు అక్కడి కేంద్ర బ్యాంకు అయిన ఫెడరల్ రిజర్వ్ చేతిలో ఉంటాయి. సుంకాల అధికారం రాజ్యాంగం ప్రకారం కాంగ్రెస్‌దే అయినా, అందులో చాలా భాగాన్ని రకరకాల చట్టాల ద్వారా అధ్యక్షుడికి అప్పగించింది. అందుకే సుంకాల మాట రాత్రికి రాత్రే ఉత్తర్వు అవుతుంది. పన్నుల మాటకు నెలలు పడుతుంది, ఒక్కోసారి అసలు తీరదు.

2024 ఎన్నికలనే తీసుకోండి. హోటళ్లలో పనివారికి వచ్చే టిప్పుల మీద పన్ను ఉండదని ట్రంప్, హారిస్ ఇద్దరూ చెప్పారు. ట్రంప్ గెలిచాక కూడా దానికి 2025 జులైలో కాంగ్రెస్ చట్టం చేయాల్సి వచ్చింది. అదీ పరిమితితో, కొన్నేళ్ల గడువుతో. తొలిసారి ఇల్లు కొనేవారికి 25,000 డాలర్ల సహాయమన్న హారిస్ హామీకి కూడా ఆమె గెలిచి ఉంటే కాంగ్రెస్ ఒప్పుకోవాల్సిందే. భారత్ సరుకుల మీద సుంకం మాత్రం 2025 ఆగస్టు 27 నుంచి అధ్యక్షుడి ఉత్తర్వుతోనే 50 శాతానికి చేరింది. ఆ ఉత్తర్వులో మందులను మినహాయించారు కాబట్టి మీ కంపెనీ గేటు దగ్గర దాని వేడి తగలలేదు. ఆంధ్ర తీరంలోని రొయ్యల రైతులకు తగిలింది.

సుంకం ఎవరు కడతారన్నది చర్చల్లో ఎప్పుడూ మసకబారిపోయే విషయం. ఓడ అమెరికా రేవుకు చేరాక ఆ సొమ్ము కస్టమ్స్‌కు కట్టేది అక్కడి దిగుమతిదారు. తర్వాత అతను కొంత ఎగుమతిదారు ధరలో కోస్తాడు, కొంత తన లాభంలో వదులుకుంటాడు, మిగతాది దుకాణంలో కొనేవారి మీద వేస్తాడు. ఎవరి మీద ఎంత పడుతుందన్నది ఆ సరుకు వేరే చోట దొరుకుతుందా లేదా అన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. ఇదంతా విదేశాలే కడతాయని చెప్పే అభ్యర్థి తన ఓటర్లకు సగం మాటే చెబుతున్నట్లు.

పన్నుల విషయంలో ఇంకో పొరపాటు అమెరికాలోనూ ఉంది, మన దగ్గరా ఉంది. 2008 అక్టోబరులో ఒహాయోలో ఒక ప్లంబరు ఒబామాను నిలదీశాడు. ఏడాదికి 2,50,000 నుంచి 2,80,000 డాలర్ల దాకా వచ్చే వ్యాపారం కొనాలనుకుంటున్నాను, మీ పథకంలో నా పన్ను పెరుగుతుంది కదా అన్నాడు. ఆ ప్రశ్న మీద దేశమంతా వాదులాడుకుంది, చివరి టీవీ చర్చలో మెకెయిన్ దాన్నే పదే పదే ఎత్తారు. కాగితం మీద వేసి చూద్దాం. 2,50,000 దాటిన భాగానికి మాత్రమే రేటు 33 నుంచి 36 శాతానికి పెరుగుతుంది. నికరంగా 2,80,000 మిగిలిందనుకున్నా, పైన ఉన్నది 30,000. దాని మీద 3 శాతం అంటే 900 డాలర్లు. ఆ మొత్తం ఎక్కువా తక్కువా అని ఎవరైనా వాదించవచ్చు, అది న్యాయమైన చర్చ. కానీ గీత దాటగానే మొత్తం ఆదాయం మీద పన్ను పెరిగిపోతుందని భయపెట్టడం అన్యాయం. మా కాలేజీలో జీతం కొంచెం పెరిగితే స్లాబు మారి నష్టపోతామని బాధపడే సహోద్యోగులకు ఇదే లెక్క వేసి చూపించేదాన్ని.

ధరల సంగతి ఒక్క ముక్కలో చెబుతాను. 1979లో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ వోల్కర్‌ను ఫెడరల్ రిజర్వ్ అధిపతిగా నియమించారు. ఆయన వడ్డీని 20 శాతం దగ్గరకు తీసుకెళ్లారు, ధరల మంట చల్లారింది, 1982 చివరికి నిరుద్యోగం 10.8 శాతానికి ఎగబాకింది. కార్టర్ 1980లోనే ఓడిపోయారు, ధరలు తగ్గిన మంచి పేరు ఆయన్ని ఓడించిన రీగన్‌కు దక్కింది. నాలుగేళ్ల కిందటి కంటే ఇప్పుడు మీ బతుకు బాగుందా అని రీగన్ చర్చలో వేసిన ప్రశ్న చాలా పదునైనది. కానీ మందు వేసిన రోజుకూ రోగం తగ్గిన రోజుకూ మధ్య ఎంత దూరముంటుందో ఆ ప్రశ్నలో కనిపించదు.

ప్రశ్న: మా అమ్మాయి అమెరికాలో ఎంఎస్ చదువుతోంది. ఇల్లు తాకట్టు పెట్టి అప్పు తెచ్చాం. అక్కడ ఏ పార్టీ వస్తే మన పిల్లలకు మంచిది?
– ఒక తల్లి, వనపర్తి

జవాబు: అమ్మా, మీ ఆందోళన నాకు బాగా అర్థమవుతుంది. మా వీధిలోనూ ఇలాంటి ఇళ్లు ఉన్నాయి. రాత్రి ఫోనులో పిల్లలు బాగున్నామంటే తప్ప నిద్రపట్టని తల్లిదండ్రులు ఉన్నారు.

పార్టీని బట్టి లెక్క కట్టవద్దు. హెచ్‌–1బీ వీసాను తెచ్చిన 1990 చట్టం మీద సంతకం చేసింది రిపబ్లికన్ అయిన పెద్ద బుష్. ఇప్పుడున్న ఏడాదికి 65,000, అమెరికాలో మాస్టర్స్ చేసినవారికి మరో 20,000 అన్న పరిమితి కాంగ్రెస్ పెట్టింది, ఏ అధ్యక్షుడూ ఒంటరిగా మార్చలేడు. చదువయ్యాక పనిచేసుకునే ఓపీటీ సదుపాయం దీనికి భిన్నం. సైన్స్, ఇంజినీరింగ్ విద్యార్థులకు అదనపు గడువును 2008లో చిన్న బుష్ హయాంలో 17 నెలలుగా ఇచ్చారు, 2016లో ఒబామా హయాంలో 24 నెలలు చేశారు. ఇవి చట్టాలు కావు, ప్రభుత్వ శాఖ నిబంధనలు. ఇచ్చిన చేత్తోనే తీసుకోగలరు. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్‌–1బీ దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము అధ్యక్షుడి ప్రకటనతోనే వచ్చింది. అక్కడే చదివి విద్యార్థి వీసా నుంచి మారేవారికి అది వర్తించదని ఆ తర్వాతి నెలలో వివరణ ఇచ్చారు. మధ్యలో కొన్ని వారాలు ఎన్ని ఇళ్లలో కలవరం రేగిందో మీకు నేను చెప్పనక్కర్లేదు.

అందుకని, ఎవరు గెలుస్తారన్న లెక్కను పక్కనపెట్టి, నెల వాయిదా లెక్క ముందు వేయండి. అమ్మాయికి అక్కడ ఉద్యోగం రాక హైదరాబాద్ జీతంతోనే కట్టాల్సి వస్తే వాయిదా ఎంత, ఎన్నేళ్లు పడుతుంది? ఈ మాట బ్యాంకు మేనేజరుతో ఇప్పుడే మాట్లాడి, కాగితం మీద రాయించుకోండి. అమ్మాయితోనూ దాచకుండా పంచుకోండి. ఇంటి అప్పు సంగతి తెలిసిన పిల్లలు ఖర్చులోనూ, కోర్సు ఎంపికలోనూ ఆలోచించి అడుగు వేస్తారు.

ప్రశ్న: మన రాష్ట్రపతి ఎన్నికల్లో అభ్యర్థులు అమెరికాలో లాగా ఆర్థిక విధానాల మీద ఎందుకు చర్చించరు?
– డిగ్రీ విద్యార్థి, నాగర్‌కర్నూల్

జవాబు: మన రాష్ట్రపతి మంత్రిమండలి సలహా ప్రకారం నడచుకోవాలని రాజ్యాంగంలోని 74వ అధికరణం చెబుతుంది. ఓటు కూడా మనది కాదు, ఎంపీలదీ ఎమ్మెల్యేలదీ. 2022లో తెలంగాణ ఎమ్మెల్యే ఓటు విలువ 132, ఎంపీ ఓటు విలువ 700. ఆ ఎన్నికలో పోటీచేసిన యశ్వంత్ సిన్హా కేంద్ర ఆర్థిక మంత్రిగా పనిచేశారు. సాయంత్రం అయిదింటికి బడ్జెట్ పెట్టే పాత అలవాటును 1999లో ఉదయం పదకొండింటికి మార్చింది ఆయనే. అంత ఆర్థిక అనుభవం ఉన్నా, గెలిస్తే ఆయన బడ్జెట్ రాయగలిగేవారు కాదు. గెలిచిన ద్రౌపదీ ముర్మూ కూడా రాయరు.

కాబట్టి ఆ చర్చ జరగాల్సింది మన శాసనసభ, లోక్‌సభ ఎన్నికల్లో. జరగడం లేదన్నదే నా బాధ. 1996లో నల్లగొండ లోక్‌సభ స్థానానికి 480 మంది పోటీపడ్డారు. ఫ్లోరైడ్ నీళ్లతో కాళ్లు వంకర్లు పోయిన ఊళ్లు తమ గోడు వినమని ఎన్నో సభల్లో అడిగి, వినేవారు లేక నామినేషన్లు వేశాయి. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది. ఆ ఏడాదే లోక్‌సభ పోటీకి జనరల్ అభ్యర్థుల డిపాజిట్‌ను 500 రూపాయల నుంచి 10,000కు పెంచారు. కృష్ణా నీటికి ఎంత ఖర్చవుతుంది, ఎవరు ఇస్తారు, ఎన్నేళ్లలో ఇస్తారు అని అభ్యర్థులను ఒక వేదిక మీద కూర్చోబెట్టి అడిగే ఏర్పాటు ఉండి ఉంటే, ఆ జనం అంత దూరం వెళ్లాల్సి వచ్చేది కాదు.

మీ కాలేజీలో ఆ ఏర్పాటు మొదలుపెట్టవచ్చు. వచ్చే ఎన్నికల్లో మీ నియోజకవర్గ అభ్యర్థులందరికీ ఉత్తరాలు రాయండి. ఒకే అంశం ఇవ్వండి: పాలమూరు–రంగారెడ్డి ఎత్తిపోతల పథకం, దానికి డబ్బు ఎక్కడినుంచి. ఒక్కొక్కరికి పది నిమిషాలు. ప్రశ్నలు తయారుచేయడానికి సహాయం కావాలంటే ఈ పత్రిక చిరునామాకే రాయండి. నేను వస్తాను.